ఉప్పుగాలిలో పాత విగ్రహాలు: తోమడం ఎక్కడ ఆపాలి?



ముందుగా ఒక చిన్న పని చేయండి. మీ ఇంటి పూజ గదిలో అన్నిటికంటే పాత విగ్రహం ఏదో చూడండి. పంచలోహ వేణుగోపాలుడు కావచ్చు, అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి లక్ష్మీదేవి కావచ్చు, పాకే బాలకృష్ణుడు కావచ్చు. దగ్గరికెళ్లి ముఖం చూడండి. కళ్లు, ముక్కు తేటగా కనిపిస్తున్నాయా, లేక ముఖమంతా గోళీకాయలా నున్నబడిపోయిందా? చేతిలో ఉన్నది వేణువో, వెన్నముద్దో చెప్పగలరా?

చాలా ఇళ్లలో చెప్పలేరు. అడిగితే "పాతది కదండీ, అరిగిపోయింది" అంటారు. లోహం దానంతట అది అరగదు. ప్రతి పండక్కీ చింతపండు, ముగ్గుపిండి, కొబ్బరిపీచు పెట్టి మూడు తరాలు ఎంతో భక్తిగా తోమితే అరుగుతుంది. తోమిన ప్రతిసారీ గుడ్డకు అంటే ఆ నలుపులో కొంచెం మురికి, కొంచెం విగ్రహం రెండూ ఉంటాయి.

ఈ వారం వీడియోలో ఇత్తడి సామాను శుభ్రం చేయడం చూపించాం. కానీ రోజూ వెలిగించే కుందుల సంగతి వేరు, తాతల నాటి విగ్రహం సంగతి వేరు. ఆ తేడా పది నిమిషాల వీడియోలో పట్టలేదు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఉప్పుగాలి చేసే పని

మాది నెల్లూరు తీరం. అమ్మమ్మ వాళ్ల ఇల్లు మైపాడు దగ్గర. సముద్రం పక్కన పెరిగిన వాళ్లకి లోహం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కిటికీ ఊచలు రెండేళ్లకే పొరలు పొరలుగా లేస్తాయి. కొత్త తాళం ఒక్క వానాకాలం దాటేసరికి బిగుసుకుపోతుంది. ఇనుము తన బాధ పైకే చెప్పుకుంటుంది. ఇత్తడి, కంచు, పంచలోహం అలా కాదు, చాలాకాలం ఏమీ కానట్టే ఉంటాయి.

అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపరలో ఉప్పు ఉంటుంది. గాలి దాన్ని ఊళ్లోకి మోసుకొస్తుంది. అది దుమ్ముతో కలిసి మందిరంలోకి, విగ్రహం కిరీటం మడతల్లోకి, పీఠం అడుగుకి చేరుతుంది. ఉప్పుకి ఒక గుణం ఉంది, గాలిలో తేమని లాక్కుంటుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా తడిసి ముద్దవుతుంది కదా, విగ్రహం మడతల్లోనూ అదే జరుగుతుంది. ఆ తడి ఉప్పులోని క్లోరైడ్ రాగి మీద పని మొదలుపెడుతుంది. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. పంచలోహంలోనూ ఎక్కువ భాగం రాగే. కాబట్టి వీటన్నిటికీ శత్రువు ఒకటే.

ఇంకో సంగతి. మన జిల్లాకి వానలు ఎక్కువగా వచ్చేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీకమాసం సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంది. ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ అభిషేకాలు, ఎక్కువ దీపాలు, ఎక్కువ తోమడాలు, గాలిలో ఎక్కువ తేమ, అన్నీ ఒకేసారి.

"మేం హైదరాబాద్‌లో ఉన్నాం, మాకు సముద్రం ఎక్కడిది" అనుకోకండి. ఊరి నుంచి తెచ్చుకున్న విగ్రహం తన ఉప్పుని తనతోనే తెచ్చుకుంటుంది. అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు దానికి ఇంకాస్త కలుపుతాయి.

చింతపండు తప్పు కాదు, ఉప్పు తప్పు

చింతపండుని తిట్టడానికి రాలేదు నేను. అందులో ఉండే టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీద నల్లబడిన పొరని కరిగిస్తుంది. మన పెద్దవాళ్లకి ఆ పేరు తెలియదు, పని మాత్రం బాగా తెలుసు. ఇబ్బంది ఎక్కడంటే, త్వరగా మెరవాలని చాలామంది అందులో గుప్పెడు ఉప్పు కలుపుతారు. నిమ్మచెక్క మీద ఉప్పు చల్లి రుద్దమని చెప్పే చిట్కాలు ఎన్నో. మెరుపు నిజంగానే క్షణాల్లో వస్తుంది. కానీ సముద్రగాలి పదేళ్లలో చేసే పనిని మన చేత్తో మనమే రెండు నిమిషాల్లో చేసేస్తున్నాం, పైగా ఆమ్లంతో కలిపి.

ఇత్తడి చెంబుకి చింతపండు పట్టించి మర్చిపోతే అక్కడక్కడా గులాబీ రంగు మచ్చలు వస్తాయి, గమనించారా? "రాగి బయటపడింది" అంటారు. సరిగ్గా అదే. ఆమ్లం జింకుని లాగేస్తే పైన రాగి మిగులుతుంది. ఆ పొర బలహీనం. ఎంత తోమినా పాత పసుపు రంగు తిరిగి రాదు.

రోజువారీ కుందులు, హారతి పళ్లెం, పంచపాత్ర, ఉద్ధరిణికి నా పద్ధతి చెప్తాను. ముందు గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసంతో నూనె జిడ్డు వదిలించాలి. జిడ్డు ఉండగా చింతపండు పనిచేయదు, అందుకే జనం ఇంకా గట్టిగా రుద్దుతారు. తరవాత ఉప్పు లేని పల్చటి చింతపండు గుజ్జు, రెండు నిమిషాలు, మెత్తటి గుడ్డతో. పీతాంబరి లాంటి పొడులు వాడేవాళ్లు కూడా వాటిని ఈ రోజువారీ సామానుకే పరిమితం చేయండి. బాగా కడిగాక, ఆఖరిసారి మాత్రం ఆర్వో నీళ్లతో కడగండి. తీర గ్రామాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగి ఆరబెడితే ఉప్పు పొర మళ్లీ వేసినట్టే. ఆర్వో లేకపోతే బ్యాటరీ షాపుల్లో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది.

వెంటనే తుడవాలి. తుడిచాక కూడా ఆరలేదనే అనుకోండి. పెద్ద దీపపు స్తంభాలు మరలతో ఊడివచ్చేలా ఉంటాయి, పైన హంస, మధ్య కాడ, కింద పీఠం. ఆ మరల్లో నీళ్లు నిలబడతాయి. విడదీసి, తుడిచి, ఫ్యాను గాలికి ఒక పూట ఉంచి అప్పుడు బిగించండి. అమ్మమ్మ అయితే అన్నీ విప్పి వరండాలో పాత పంచె మీద పరిచేది. "మెరిస్తే ఏంది, లోపల తడి ఉంటే రేపటికి చిలుమే" అనేది. దాన్ని మించిన కన్జర్వేషన్ పాఠం నేను ఎక్కడా వినలేదు.

చిలుము ఒకటి కాదు

పచ్చగా కనిపించిందల్లా చిలుమే అంటాం. కానీ పూజ గదిలో కనీసం మూడు రకాలు ఉంటాయి. ఏది ఏదో తెలియకుండా చేయి పెట్టకూడదు.

కుందుల గుంటల్లో, వత్తి ఆనే చోట ముదురుపచ్చ రంగులో మైనంలా జిగటగా ఉండేది ఒకటి. నూనెలోని ఆమ్లాలు రాగితో కలిస్తే వచ్చేది ఇది. భయపడక్కర్లేదు. వెచ్చటి కుంకుడు నీళ్లకి వదులుతుంది. రాత్రి మిగిలిన నూనెని కుందిలోనే ఉంచేయకపోతే ఇది అసలు రాదు.

రెండోది పాత విగ్రహాల మీద ఉండే ముదురు గోధుమ రంగో, నలుపో, గట్టి ఆకుపచ్చో అయిన పొర. గోరుతో గీరితే రాదు, నున్నగా ఉంటుంది. ఇది మురికి కాదండి, దయచేసి తీసేయకండి. లోహం ఏళ్ల తరబడి గాలితో సర్దుకుని తనకు తాను కట్టుకున్న కవచం అది. తీసేస్తే కింద ఉన్న లేత లోహం మళ్లీ మొదటి నుంచి గాలికి, ఉప్పుకి బలవుతుంది.

మూడోదే అసలు ప్రమాదం. లేత ఆకుపచ్చ రంగులో, విభూతి చల్లినట్టు పొడిపొడిగా, చుక్కలు చుక్కలుగా వస్తుంది. తుడిస్తే పోతుంది, పది రోజులకి అదే చోట మళ్లీ వస్తుంది. దులిపి చూస్తే కింద చిన్న గుంట ఉంటుంది. దీన్ని మ్యూజియం వాళ్లు బ్రాంజ్ డిసీజ్ అంటారు, అంటే కంచుకి వచ్చే జబ్బు. లోపలికి చేరిన క్లోరైడ్ తేమతో, గాలితో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం రాగిని తిని మళ్లీ క్లోరైడ్ లవణం అవుతుంది, దాని నుంచి మళ్లీ ఆమ్లం. తేమ ఉన్నంతకాలం ఆ చక్రం ఆగదు. పైన ఎంత తోమినా లోపల కూర్చున్నది కదలదు.

ఇలాంటి విగ్రహం కనిపిస్తే కడగకండి. పొడి బ్రష్‌తో ఆ పొడిని మెల్లగా దులిపి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. తేమ లేకపోతే జబ్బు నిద్రపోతుంది. తరవాత కన్జర్వేటర్ దగ్గరికి వెళ్లాలి. ఇది కొత్త సమస్యేం కాదు. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1930లో, మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో రసాయన సంరక్షణ ప్రయోగశాల మొదలైంది. అక్కడ ఎస్. పరమశివన్ దక్షిణ భారత కంచు విగ్రహాలకి పట్టిన ఈ తినుడుని విద్యుత్తు సాయంతో నయం చేసే పని చేశారు. ఆ ప్రయోగశాల ఇప్పటికీ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఆ స్థాయి పనిని ఇంట్లో నిమ్మకాయతో చేయలేం కదా.

పాత విగ్రహానికి స్నానం ఎలా?

అన్నిటికంటే ముందు ఫోన్ తీసి నాలుగు వైపులా, అడుగున, వెనక ఫోటోలు తీయండి. ఎందుకో చివర్లో చెప్తాను.

మేకవెంట్రుకల మెత్తటి పెయింటింగ్ బ్రష్ ఒకటి పూజ గదికని కొనుక్కోండి. పైనుంచి కిందికి పొడిగా దులపండి. చాలాసార్లు ఇంతే సరిపోతుంది. కిరీటం అంచుల్లో, మెడ చుట్టూ గట్టిపడిన గంధం, కుంకుమ ఉంటే ఇయర్ బడ్‌ని ఆర్వో నీళ్లలో తడిపి, పిండి, ఆ చోటే అద్దండి. నానాక వెదురు టూత్‌పిక్‌తో నెమ్మదిగా లేపండి. పిన్నీసు, సూది, స్టీలు పీచు, పాత టూత్‌బ్రష్ వద్దు. జిడ్డు ఉంటే వడకట్టిన పల్చటి కుంకుడు రసం, అదీ చాలా తక్కువ. వెంటనే శుభ్రమైన నీటితో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, కాసేపు ఎండలోనో, ఫ్యాను కిందో ఆరనివ్వండి. పొదిగిన రాళ్లు, బంగారు పూత, రంగు వేసిన కళ్లు ఉన్న విగ్రహానికి నీళ్లు తగలనివ్వకండి.

ఏడాదికి రెండుసార్లు చాలు. నన్నడిగితే ఒకసారి దసరాకి ముందు, వానలు మొదలయ్యే లోపు. ఇంకోసారి సంక్రాంతి దాటాక, గాలి పొడిబారినప్పుడు. కార్తీకం మధ్యలో మాత్రం వద్దు.

గంధం బొట్టు పెట్టొద్దని చెప్పడం లేదు. పెట్టండి. కానీ పాత బొట్టు మీద కొత్త బొట్టు నెలల తరబడి పేర్చుకుంటూ పోకండి. ఆ ముద్ద కింద తేమ దాక్కుంటుంది. రాత్రి పవళింపు చేసేటప్పుడు పొడి గుడ్డతో తీసేస్తే సరి.

అభిషేకం మానేయాలా?

ఇక్కడే చాలామంది మనసు కష్టపడుతుంది. "మా తాతగారు రోజూ పంచామృతాలతో అభిషేకం చేసిన మూర్తి అండీ, ఇప్పుడు మ్యూజియం బొమ్మలా పక్కన పెట్టమంటారా?"

లేదు. కానీ ఒకటి ఆలోచించండి. రాగి పాత్రలో పాలు, పెరుగు పోయకూడదని ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు చెప్తారు. పులుపు రాగిని తింటుందన్న ఎరుక అందులో ఉంది. అదే పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీళ్లు ఎక్కువ భాగం రాగే ఉన్న నూరేళ్ల విగ్రహం మీద రోజూ పోసి, పైపైన కడిగేస్తే?

మూర్తిని కాపాడుకోవడం అనేది ఈ కాలం వాళ్లు కనిపెట్టిన విషయం కాదు. వైఖానస ఆగమం ప్రకారం ఆలయంలో పంచబేరాలు ఉంటాయి: ధ్రువ, కౌతుక, స్నపన, ఉత్సవ, బలి బేరాలు. ఒక్కో మూర్తికి ఒక్కో సేవ. తిరుమలలో మూలవిరాట్టుకి అభిషేకం శుక్రవారమే. నిత్య అభిషేకం అందుకునేది వెండితో చేసిన భోగ శ్రీనివాసమూర్తి. అంటే అన్ని సేవలూ ఒకే మూర్తి మీద పడకుండా సంప్రదాయమే పని పంచింది.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ జ్యేష్ఠాభిషేకం. ఏటా జ్యేష్ఠమాసంలో మూడు రోజులు తిరుమలలో జరుగుతుంది. ఊరేగింపులు, తిరుమంజనాల వల్ల మలయప్ప స్వామి, శ్రీదేవి, భూదేవి ఉత్సవమూర్తులు అరిగిపోకుండా చూడటానికే ఈ ఉత్సవం. మొదటి రోజు వజ్రకవచం, రెండో రోజు ముత్యాల కవచం, మూడో రోజు స్వర్ణకవచం. ఆ బంగారు కవచం మళ్లీ వచ్చే జ్యేష్ఠాభిషేకం దాకా అలాగే ఉంటుంది. ఈ మధ్య సంవత్సరాల్లో విశేష పూజ, సహస్ర కలశాభిషేకం, వసంతోత్సవం లాంటి సేవల్ని కూడా ఏడాదికి ఒక్కసారికి తగ్గించారు. కారణం అదే, ఉత్సవమూర్తుల రక్షణ. తిరుమలలోనే మూర్తి కోసం సేవల సంఖ్య తగ్గించారంటే, మన ఇంట్లో తగ్గిస్తే అపచారం ఎలా అవుతుంది?

పూరీలో అయితే ఇంకా అందంగా ఉంటుంది. జగన్నాథుడిది దారుమూర్తి, చెక్కకి రోజూ నీళ్లు పడవు. అందుకే నిత్యం స్నానం జరిగేది అద్దంలో కనిపించే ప్రతిబింబానికి. నేరుగా జలాభిషేకం జ్యేష్ఠ పౌర్ణమి నాటి స్నానయాత్రలో.

కాబట్టి ఇంట్లో మార్గాలు చాలా ఉన్నాయి. పాత మూర్తి పక్కనే అభిషేకం కోసం చిన్న వెండి మూర్తినో, సాలగ్రామాన్నో, బాణలింగాన్నో పెట్టుకోవచ్చు. లేదా మూర్తి ముందు చిన్న అద్దం పెట్టి, ప్రతిబింబానికి అభిషేకం చేయవచ్చు. పటానికి పూజ చేసేటప్పుడు "స్నానం సమర్పయామి" అని ఉద్ధరిణితో పళ్లెంలో నీళ్లు వదులుతాం కదా, అదీ అభిషేకమే. మీ ఇంటి ఆచారం ఏమిటో పురోహితుల్ని అడిగి ఒకటి ఎంచుకోండి. ఏడాదికి ఒకరోజు, శ్రీరామనవమికో జన్మాష్టమికో, పాత మూర్తికే చేయాలనిపిస్తే శుద్ధజలంతో చేసి, వెంటనే పూర్తిగా ఆరబెట్టండి.

వేలు విరిగిందనో, పీఠం అంచు చిట్లిందనో పాత విగ్రహాల్ని పెన్నలోనో, సముద్రంలోనో వదిలేసేవాళ్లు ఉన్నారు. తొందరపడకండి. ఆగమాల్లో పెద్ద అంగానికి కలిగిన లోపానికి, చిన్న లోపానికి తేడా ఉంది. చిన్న లోపాన్ని సరిచేసి సంప్రోక్షణ చేసుకునే మార్గం ఉంది. తెలిసిన అర్చకుల్ని అడిగాకే నిర్ణయం తీసుకోండి.

వెండి, పటాలు, తాటాకులు

వెండి నల్లబడేది ఉప్పు కంటే గాలిలోని గంధకం వల్ల ఎక్కువ. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు వెండికి పడవు. టూత్‌పేస్టు వద్దు, అందులోని రవ్వ వెండిని గీరేస్తుంది. అల్యూమినియం ఫాయిల్, వంట సోడా, వేడినీళ్ల చిట్కా పనిచేస్తుంది. కానీ లోపల లక్క నింపిన పాత వెండి వస్తువుల్ని వేడినీళ్లలో ముంచితే లక్క కరిగిపోతుంది. నగిషీ గీతల్లో కావాలని ఉంచిన నలుపు కూడా పోయి, బొమ్మ చప్పబడుతుంది.

పాత రవివర్మ ముద్రణలు, తంజావూరు పటాలు ఉంటే తడిగుడ్డ అసలు తగలనివ్వకండి. దీపపు మసి చేరే ఎత్తులో పెట్టకండి. సముద్రం వైపు గోడకి, వాన కొట్టే గోడకి తగిలించకండి. అద్దం పటానికి అతుక్కుని ఉంటే లాగకండి, బొమ్మ అద్దంతో పాటు వస్తుంది.

కొన్ని ఇళ్లలో దేవుడి పెట్టెలో తాటాకు గ్రంథం కట్ట ఉంటుంది. ఎవరికీ చదవడం రాదు, పసుపు కుంకుమ వేసి పూజ మాత్రం చేస్తారు. ఆకుల మీద పసుపు, కుంకుమ చల్లకండి. పైన చుట్టిన గుడ్డకి బొట్టు పెట్టండి, చాలు. ఆకులు పెళుసుబారితే గ్రంథాలయాల్లో నిమ్మగడ్డి నూనె పల్చగా రాస్తారు. మెత్తబడతాయి, పురుగూ పట్టదు. ఇంట్లో మొదటిసారి చేసే ముందు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థ లాంటి చోట చూపించండి. ఎవరూ అచ్చు వేయని గ్రంథమేదో మీ ఇంట్లో ఉండవచ్చు.

భద్రపరిచేటప్పుడు ఏదైనా సరే, న్యూస్‌పేపర్, ప్లాస్టిక్ కవర్ వద్దు. గంజి లేని, ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టండి. విగ్రహాన్ని వట్టి వేళ్లతో పదేపదే తాకినా చెమటలోని ఉప్పు అంటుకుంటుంది, వేలిముద్ర కొన్నాళ్లకి మరకగా తేలుతుంది.

పాత నాణేలు, చట్టం

దీపావళి లక్ష్మీపూజలో పాత కాసులు, వెండి రూపాయలు పాలతో కడిగి పెట్టే ఇళ్లు ఎన్నో. నాణెం మీద సంవత్సరం కనిపించాలని నిమ్మకాయతో రుద్దుతారు. రుద్దిన కొద్దీ ఆ సంవత్సరమే ముందు చెరిగిపోతుంది.

నెల్లూరుకి ఈ విషయంలో ఒక పాత కథ ఉంది. 1786లో నెల్లూరు దగ్గర రాళ్లగుట్ట వాలులో ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద చిన్న కుండ. కుండలో రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టినా రాణివి. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగించేశారు. ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమ్రా ముప్పైకి పైగా దక్కించుకున్నాడు. వాటిని చూసిన ఈస్టిండియా కంపెనీ ఉన్నతాధికారి అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఆ సంగతి ఉత్తరంలో రాశాడు. చాలా నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు ఉన్నాయట. కొన్ని మాత్రం బాగా అరిగి, చిల్లులు పడి ఉన్నాయట, నగల్లా ధరించినట్టు. పదహారు వందల ఏళ్లు మట్టిలో ఉన్నా బంగారానికి ఏమీ కాలేదు. అరిగినవి మనుషుల ఒంటి మీద తిరిగినవే.

ఇవాళ అలా నేలలో నిధి దొరికితే 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకి తెలపాలి. ఆ చట్టంలో పరిమితి పది రూపాయలు! ఇంట్లో ఉన్న పాత వస్తువులకి వేరే చట్టం ఉంది. 1972లో చేసిన పురావస్తువుల చట్టం, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన లోహ, రాతి, చెక్క విగ్రహాలు, చిత్రాలు ఇంట్లో ఉంటే పురావస్తు రిజిస్టరింగ్ అధికారి దగ్గర నమోదు చేయించాలి. విగ్రహాన్ని తీసుకెళ్లిపోతారని భయపడకండి, యజమాని మీరే. ఇంకొకరికి ఇస్తే మాత్రం ఆ సంగతి తెలపాలి.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో పిల్లలున్న వాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. నూరేళ్లు దాటిన విగ్రహాన్ని మామూలు మనుషులు దేశం దాటించడం నేరం. "మా అమ్మమ్మదే కదా" అన్నది విమానాశ్రయంలో పనికిరాదు. అంత పాతది కాదనుకుంటే ముందుగానే ఆర్కియాలజికల్ సర్వేకి చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి.

ఫోటోలు తీయమన్నది ఇందుకే. నమోదుకి అవసరం, దొంగతనం జరిగితే పోలీసులకి చూపించడానికి ఇంకా అవసరం. ఫోటోతో పాటు ఎత్తు, బరువు, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఏ ఊరి నుంచి వచ్చింది అన్నది ఒక నోటు పుస్తకంలో రాయండి. పాత చెంబుల మీద, బిందెల మీద చుక్కలతో కొట్టించిన పేర్లు ఉంటాయి చూడండి, అమ్మాయి పేరు, ఊరి పేరు, కొన్నిటి మీద సంవత్సరం. పెళ్లిసారెలో వచ్చినవి. వీధిలో "పాత ఇత్తడికి స్టీలు సామాను" అని అరిచిన రోజుల్లో అలాంటివి బళ్ల కొద్దీ తూకానికి పోయాయి. మీ ఇంట్లో ఒక్కటి మిగిలినా, ఆ చుక్కల మీద చింతపండు పెట్టకుండా, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని ఫోటో తీసి, ఆ పేరు ఎవరిదో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోండి.